టోనర్ కూర్పు తెలిసి ఎంచుకుంటే అచ్చు పదికాలాలు నిలుస్తుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కోర్టుల దగ్గర, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల దగ్గర ఉన్న జెరాక్స్ దుకాణాల్లో తీసే కాగితాలు చాలావరకు ఏళ్ల తరబడి బీరువాల్లో భద్రంగా ఉండవలసినవి. అడంగల్ నకలు గాని, స్టడీ సర్టిఫికెట్ గాని, దస్తావేజు ప్రతి గాని తీసిన రోజున ఎంత నల్లగా కనిపించినా, తర్వాత మడత దగ్గర పొడి రాలిపోతే అది అవసరానికి అక్కరకు రాదు. అందువల్ల ప్రింటర్లలో, జెరాక్స్ యంత్రాల్లో పోసే రీఫిల్ పొడి, అంటే టోనర్, కొనేటప్పుడు ధరనూ నలుపునూ మాత్రమే చూడకుండా, అందులో ఏముందో తెలుసుకొని, మన యంత్రానికీ మన తీరప్రాంతపు తేమకూ తగినదేనా అని పరీక్షించి తీసుకోవాలి.

టోనర్‌ను చాలామంది మసి అనుకుంటారు. నిజానికి అయస్కాంత గుణం లేని టోనర్‌లో ఎక్కువ భాగం, సాధారణంగా బరువులో 80 శాతానికి పైగా, రెసిన్ అనే ప్లాస్టిక్ పదార్థమే ఉంటుంది. నలుపునిచ్చే కార్బన్ బ్లాక్ అందులో కొద్ది భాగమే. వీటికి తోడు కొంచెం మైనం, రేణువుల విద్యుదావేశాన్ని అదుపులో ఉంచే పదార్థం, రేణువుల పైన అతి సన్నని సిలికా పూత ఉంటాయి. కొన్ని మైక్రాన్ల పరిమాణం మాత్రమే ఉండే ఈ రేణువులు ఫ్యూజర్ (యంత్రంలో పొడిని కాగితానికి అతికించే భాగం) వేడికీ ఒత్తిడికీ కరిగి, కాగితపు నారల్లోకి దిగి గట్టిపడినప్పుడే అక్షరం నిలుస్తుంది. అంటే కాగితాన్ని పట్టుకొని ఉండేది నలుపు కాదు, రెసిన్.

ఎక్కువగా వాడే రెసిన్లు రెండు రకాలు: స్టైరీన్ అక్రిలేట్, పాలియెస్టర్. వీటి మధ్య తేడా అందరికన్నా ముందు తెలిసేది కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో దాచుకున్నవారికే. మెత్తటి పీవీసీ కవర్లలో ఆ మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం మెల్లగా బయటికి వచ్చి టోనర్‌లోకి ఇంకుతుంది. అప్పుడు గట్టిపడిన అక్షరం మళ్లీ మెత్తబడి కవరుకు అంటుకుంటుంది. వేసవిలో రేకుల ఇంట్లో, ఇతర సామాన్ల బరువు కింద ఉన్న ఫైలులో ఇది మరీ తొందరగా జరుగుతుంది. కొన్నేళ్ల తర్వాత కాగితం బయటికి లాగితే సర్వే నంబరు కవరు లోపలి వైపు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది, కాగితం మీద బూడిదరంగు మచ్చ మిగులుతుంది. ఈ దెబ్బకు స్టైరీన్ అక్రిలేట్ కన్నా పాలియెస్టర్ బాగా తట్టుకుంటుంది. పొడి అమ్మేవారిని సేఫ్టీ డేటా షీట్ (పొడిలోని పదార్థాల వివరాలు, జాగ్రత్తలు రాసిన పత్రం) అడిగితే అందులో రెసిన్ పేరు సాధారణంగా రాసి ఉంటుంది. మీ మోడల్‌కు సరిపోయే పొడుల్లో పాలియెస్టర్ దొరికితే, దాచుకొనే కాగితాలకు అదే వాడండి.

కవరు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. చిన్న ముక్క కత్తిరించి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముంచి వదిలితే పాలీప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. మెత్తగా సాగుతూ నీటిలో మునిగే కవరును దుకాణంలో అమ్మకపోవడమే మేలు.

రెసిన్ పేరు ఒకటే అయినా గుణం ఒకటే ఉండదు. అణువులు పొట్టిగా ఉన్న రెసిన్ తక్కువ వేడికే కరిగి కాగితంలోకి బాగా దిగుతుంది గాని, చల్లారాక పెళుసుగా ఉండి మడత దగ్గర చిట్లుతుంది. అణువులు పొడవుగా ఉన్నది గట్టి పొరగా నిలుస్తుంది, అయితే దానికి ఎక్కువ వేడి కావాలి. అందుకే మంచి పొడిలో రెండింటినీ పాళ్లు చూసి కలుపుతారు. వేగంగా తిరిగే పెద్ద యంత్రానికి చేసిన పొడిని చిన్న ప్రింటర్‌లో పోసినా, చిన్నదానికి చేసింది పెద్దదానిలో పోసినా ఈ లెక్క తప్పుతుంది. కార్బన్ బ్లాక్ పాళ్లు మితిమీరితే కరిగిన పొడి సరిగా పారక కాగితంలోకి దిగదు, రేణువుల విద్యుదావేశం నిలవక కాగితమంతా బూడిదరంగు పడుతుంది. కాబట్టి మరింత నల్లగా వస్తుందనే మాట మన్నికకు హామీ కాదు. మైనం అక్షరానికి నునుపునిచ్చి రాపిడిని తగ్గిస్తుంది గాని, ఎక్కువైతే దాని మీద స్టాంపు సిరా, జిగురు సరిగా పట్టవు.

మన ప్రాంతంలో అసలు పరీక్ష వానాకాలంలోనే ఎదురవుతుంది. తేమ పీల్చుకున్న కాగితంలోని నీటిని ఆవిరి చేయడానికే ఫ్యూజర్ వేడిలో కొంత ఖర్చయిపోవడంతో పొడి సగమే కరుగుతుంది, పైగా గాలిలోని తేమకు రేణువుల ఆవేశం కూడా తగ్గుతుంది. నీటిని దరిచేరనివ్వని సిలికా పూత ఉన్న పొడి ఈ కాలంలో నిలకడగా పనిచేస్తుంది. కాగితం రీమును వాడే వరకు దాని చుట్టతోనే ఉంచండి, ఎందుకంటే ఆ చుట్టకు తేమను ఆపే పూత ఉంటుంది. వేసవిలో పొడి డబ్బాలను ఎండలో నిలిపిన బండిలో వదలవద్దు. టోనర్ రెసిన్ మెత్తబడడం మొదలయ్యేది చాలావరకు 50 నుంచి 65 డిగ్రీల మధ్యనే కాబట్టి రేణువులు గడ్డకడతాయి.

కొత్త పొడి కొనే ముందు కొద్దిగా తెచ్చి, పాత పొడితో పక్కపక్కన పోల్చి చూడాలి. ఒకే రీము కాగితం మీద రెండింటితోనూ అరచేయంత నల్లటి చదరాన్ని, దాని కింద చిన్న అక్షరాల పేరాను అచ్చువేసి పూర్తిగా చల్లారనివ్వండి. అచ్చు లోపలికి వచ్చేలా మడిచి, మడత మీద బరువైన సీసాను ఒకసారి దొర్లించి, విప్పి దూదితో మెల్లగా తుడిస్తే తెల్లటి గీత పడుతుంది. ఆ గీత ఎంత సన్నగా ఉంటే పొడి అంత మంచిది. తర్వాత పారదర్శక టేపును అక్షరాల మీద అదిమి నిదానంగా లాగి, టేపుకు ఎంత నలుపు అంటిందో తెల్ల కాగితం మీద అతికించి చూడండి. ఇంకో ప్రతిని పీవీసీ కవరులో పెట్టి, పుస్తకాల బరువు కింద వారం పాటు వెచ్చని చోట ఉంచితే రెసిన్ సంగతి బయటపడుతుంది. ఈ మూడింటినీ వాన పడే రోజుల్లో మరోసారి చేయడం నా దృష్టిలో తప్పనిసరి.

పొడి మంచిదైనా అచ్చు రాలుతుంటే యంత్రాన్ని చూడాలి. వేడినిచ్చే ఫ్యూజర్ ఫిల్మ్ అరిగినా, కాగితాన్ని దానికి అదిమే ప్రెజర్ రోలర్ గట్టిపడినా కాగితానికి వేడి, ఒత్తిడి సమంగా అందవు. స్టాంపు పేపరు, గరుకు బాండు పేపరు మీద ముద్రించేటప్పుడు ప్రింటర్ సెట్టింగులో మందపు కాగితం ఎంచుకుంటే యంత్రం వేడిని పెంచడమో వేగాన్ని తగ్గించడమో చేస్తుంది. ఈ చిన్న పని చాలాచోట్ల మరచిపోతున్నారు. కార్ట్రిడ్జ్‌లో మిగిలిన పాత పొడి మీద వేరే రకం పోయవద్దు, రెండింటి ఆవేశమూ కరిగే వేడీ వేరుగా ఉండవచ్చు.

రంగుల విషయానికొస్తే, కార్బన్ నలుపు వెలుతురుకు వెలిసిపోదు, చవక రకాల్లో పసుపు, ఎరుపు ముందుగా పాలిపోతాయి. ఎండ తగిలే పలాస జీడిపప్పు దుకాణపు ధరల పట్టీల వంటి వాటికి వెలుతురును తట్టుకొనే పిగ్మెంటు వాడిన టోనర్‌నే అడగాలి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులను చూసిన మనకు తడిసిన కాగితాల బాధ కొత్త కాదు. రెసిన్ నీటిలో కరగదు కాబట్టి, నీటిలో కరిగే డై సిరాతో తీసిన ఇంక్‌జెట్ ప్రతిలా సరిగా అతికిన టోనర్ అక్షరం నీటికి పారిపోదు. అలాంటి కాగితాలను రుద్దకుండా, ఒక్కొక్కటిగా విడదీసి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. తొందరపడి ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టవద్దు, ఆ వేడికి టోనర్ మెత్తబడి పైన వేసిన గుడ్డకు అంటుకుంటుంది.