పాత కాగితాలు పారేసే ముందు, 3వ పాఠం: అంకె మీదుగా చింపాలి

పోయిన పాఠంలో ఇంట్లో కాగితాలన్నీ మూడు కుప్పలు చేశాం. ఎప్పటికీ ఉంచుకోవాల్సినవి బీరువాలోకి, కొన్నేళ్ళు ఆగాల్సినవి ఫైల్లోకి వెళ్ళాయి. ఇవాళ మూడో కుప్ప పని పడదాం.

మొన్న వానల్లో గుంటూరు బ్రాడీపేటలో మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే లోపలి కాగితం ఎవరిదో ఇంటి లోను దరఖాస్తు జిరాక్సు. నూనె మరక పక్కన ఫోటో, దాని కింద పాన్ నెంబరు, ఫోను నెంబరు, సంతకం. అన్నీ చక్కగా చదవొచ్చు. బండి ఆమె తప్పేమీ లేదు, కిలోల లెక్కన కొనుక్కున్న కాగితం అది. ఆ సంతకం పెట్టినాయన పేరు మీద ఎవరైనా లోను తీసుకుంటే? ఆ పూట నాకు బజ్జీ గొంతు దిగలేదు.

మనలో చాలామంది కాగితాన్ని రెండుసార్లు మడిచి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేస్తాం. ఆ నాలుగూ ఒకే బుట్టలో ఉంటాయి, అతికించడానికి నిమిషం చాలు. అడ్డంగా పేలికలు చేస్తే ఇంకా ప్రమాదం: అక్షరాలు అడ్డంగానే ఉంటాయి కాబట్టి నెంబరు మొత్తం ఒకే పేలికలో మిగిలిపోతుంది. అందుకే ముందు నిలువుగా, చిటికెన వేలి వెడల్పున చింపండి. పాన్‌లోని 10 అక్షరాలూ, ఆధార్‌లోని 12 అంకెలూ మధ్యలో తెగిపోవాలి. మామూలు జిరాక్సు కాగితం నిలువుగా సాఫీగానే చిరుగుతుంది, అడ్డంగా లాగితేనే వంకర పోతుంది. తరవాత ఆ పేలికల్ని కట్టగా పట్టుకుని అడ్డంగా ముక్కలు చెయ్యండి.

క్యూఆర్ కోడ్ దగ్గర మరింత జాగ్రత్త. కొంత చెరిగినా స్కాన్ అయ్యేలాగే దాన్ని తయారు చేస్తారు. ఒక్క చీలిక చాలదు, ముక్కలు ముక్కలు కావాలి.

ఎక్కువ కాగితాలుంటే బకెట్లో నానబెట్టండి. కానీ నానితే చాలనుకోవద్దు. జిరాక్సు నలుపు నీళ్ళకి కరగదు, వేడితో కాగితానికి అతుక్కున్న పొడి అది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదొచ్చాక విజయవాడలో తడిసిన జిరాక్సులు ఎండబెట్టుకున్నవాళ్ళని అడగండి, అక్షరం చెక్కు చెదరలేదంటారు. రాత్రంతా నానాక పొద్దున్నే చపాతీ పిండిలా పిసికి గుజ్జు చెయ్యాలి. నీళ్ళు పిండేసి ఉండలు చేసి తడి చెత్తలో వెయ్యండి.

కాల్చొద్దు. పొగ సంగతి అటుంచి, దొంతరగా పెట్టిన కాగితాలు అంచులే కాలి మధ్యలో మిగిలిపోతాయి.

ఇంటిపని: పాత కరెంటు బిల్లొకటి ఈ పద్ధతిలో చింపి, ముక్కలు కలిపేసి ఇంట్లో పిల్లల ముందు పెట్టండి. సర్వీసు నెంబరు చదవమనండి. చదివేశారంటే మీ పేలికలు ఇంకా వెడల్పుగా ఉన్నట్టే, ఇంకో బిల్లు తీసుకోండి. పాత ఏటీఎం కార్డులూ, పీవీసీ ఆధార్ కార్డులూ పక్కన పెట్టి ఉంచండి, వచ్చే పాఠంలో కత్తెర పట్టేది వాటి కోసమే.