కూచిపూడి ప్రదర్శన తీయడానికి వెళ్లే ముందు: లెన్స్ జాగ్రత్తలు

– ముందు సీటు ఎక్కడో కనుక్కోండి, లెన్స్ సంగతి ఆ తర్వాతే. మొదటి రెండు వరసల్లో అయితే 85 ఎంఎం చాలు. వెనకైతే 70–200 ఎంఎం ఎఫ్/2.8 జూమ్ లెన్స్ కావాలి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు రానిస్తుంది). కొనక్కర్లేదు, అద్దెకు తెచ్చుకోండి.

– కెమెరాతో వచ్చిన 18–55 కిట్ లెన్స్‌ను ఇంట్లోనే ఉంచండి. జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోతుంది. ఎఫ్/1.8 దానికి దాదాపు పది రెట్లు వెలుతురు రానిస్తుంది. బడ్జెట్ తక్కువైతే 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోండి. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరా మీద అది 75–80 ఎంఎంలా పనిచేస్తుంది.

– స్టెబిలైజేషన్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. అది ఆపేది మన చేతి వణుకునే, నర్తకి కాళ్లను కాదు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి అడుగులేస్తుంటే, షటర్ స్పీడ్ 1/250 సెకను కంటే నెమ్మదైతే గజ్జెలు గీతల్లా సాగిపోతాయి. నా మొదటి ప్రోగ్రామ్ ఫొటోల్లో సగం అవే! ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 3200 పెట్టడానికి భయపడకండి. దానివల్ల వచ్చే నాయిస్‌ను (ఫొటోలో గరుకు చుక్కలను) తర్వాత తగ్గించుకోవచ్చు, షేక్ అయిన ఫొటోను బాగుచేయలేం.

– ఎఫ్/1.8లో దగ్గర్నుంచి తీస్తే షార్ప్‌గా వచ్చే లోతు చాలా తక్కువ, ముక్కుపుడక షార్ప్‌గా, కళ్లు మసగ్గా రావచ్చు. ఫోకస్ కంటి మీదే పెట్టండి.

– ఎల్ఈడీ లైట్లుంటే సైలెంట్ షటర్ (చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షటర్) వద్దు, చారలు పడొచ్చు. ఫ్లాష్ బ్యాగులోంచి తీయనే వద్దు.