ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ ట్రెక్‌కి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

డెహ్రాడూన్ నుంచి ట్రెక్‌కి బేస్ అయిన సాంక్రీ ఊరు దాదాపు 200 కిలోమీటర్లు, అంతా ఘాట్ రోడ్డే, రోజంతా పడుతుంది కాబట్టి వాంతుల మాత్రలు జేబులోనే ఉంచుకోండి, క్యాష్ దారిలో వచ్చే పురోలా టౌన్‌లోనే తీసేసుకోండి.

జులై, ఆగస్టుల్లో అస్సలొద్దు, కొండచరియలు విరిగిపడతాయి.

కొత్త షూస్‌తో రావద్దు.

దారిలో కంచరగాడిదలు ఎదురొస్తే కొండ వైపే నిలబడండి, లోయ వైపు ఉంటే మూట తగిలి కింద పడిపోతారు, ఇది మాత్రం ప్లీజ్ మర్చిపోవద్దు.

గంగాడ్, ఓస్లా ఊళ్లలో జనం చాలా మంచోళ్లు, అయినా అడక్కుండా ఫోటోలు తీయకండి, గుడి గడప తాకొద్దు, పొలాల్లోంచి నడవొద్దు, ఆ రాజ్మా పంటే వాళ్ల బతుకు. చాక్లెట్ కవర్లు అక్కడే పడేసి వస్తున్నారు మనోళ్లు, చూస్తే చాలా బాధేస్తుంది.

తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంక పైకి ఎక్కకండి, తగ్గకపోతే వెంటనే దిగిపోండి.