ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే రిపోర్ట్ చేయడం ఎలా?

తిరుపతిలో ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఇవి కాక చుట్టుపక్కల బోలెడు ఇంజినీరింగ్ కాలేజీలు, వీటిల్లో చదివే పిల్లలు ఇప్పుడు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టిన ప్రాజెక్టుల్లో, పనిచేస్తా గిట్‌హబ్ అనే సైట్‌లో పుల్ రిక్వెస్టులు, అంటే నేను రాసిన మార్పు తీసుకోండి అని అడగడాలు, పెడతా ఉన్నారు, చాలా సంతోషం. కానీ ఎవడో ఒకడు నోటికొచ్చినట్టు రాస్తే వాళ్ళలో కొందరు, ముఖ్యంగా అమ్మాయిలు, ఎవరికీ చెప్పకుండా ఆ ప్రాజెక్టే వదిలేసి పోతారు. అట్లా పోవాల్సిన పనిలేదు. చెప్పుకోడానికి ఒక పద్ధతి ఉంది.

ముందు ఆ ప్రాజెక్టు రూల్స్ చదవండి

ప్రాజెక్టు ఫైళ్ళన్నీ ఉండే రిపాజిటరీలో కోడ్ ఆఫ్ కండక్ట్ అని, ఎట్లా ప్రవర్తించాలో చెప్పే ఒక ఫైల్ ఉంటుంది, మెయిన్ ఫోల్డర్‌లో కనపడకపోతే డాక్స్ ఫోల్డర్‌లో చూడండి. చాలా ప్రాజెక్టులు కాంట్రిబ్యూటర్ కావెనెంట్ అనే రెడీమేడ్ కోడ్ ఆఫ్ కండక్ట్‌నే పెట్టుకుంటాయి, దాన్ని 2014లో కొరలైన్ అడా ఎమ్కీ రాసింది. 2018 సెప్టెంబర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి లినక్స్ కెర్నెల్ ప్రాజెక్టు కూడా దాన్నే తీసుకుంది, అదే టైంలో దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మెయిల్స్‌లో తను వాడిన కటువు మాటలకి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. అంత పెద్దాయన్నే అడిగారంటే మామూలు మెయింటైనర్‌ని, అంటే ప్రాజెక్టు చూసుకునేవాడిని, అడగడానికి మీరు భయపడాల్సింది ఏముంది?

ఇక్కడ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. "టెస్టులు లేవు, ఈ కోడ్ తీసుకోలేం" అంటే అది రివ్యూ, ఎంత చేదుగా ఉన్నా రిపోర్ట్ చేసే విషయం కాదు. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే, పుల్ రిక్వెస్టులు పెట్టినవాళ్ళకి టీషర్టు ఇచ్చే కార్యక్రమంలో ఆ టీషర్టు కోసం జనాలు చెత్త పుల్ రిక్వెస్టులు కుప్పలుగా పెట్టి మెయింటైనర్ల ప్రాణం తీశారు, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని రూల్ మార్చాల్సొచ్చింది, అట్లాంటివి స్పామ్ అని మూసేస్తే కూడా తప్పు మెయింటైనర్లది కాదు. కానీ "మీ దేశమోళ్ళంతా ఇంతే" అన్నా, అమ్మాయని తెలిసి పర్సనల్ మెసేజీలు పంపినా, ఇంటి అడ్రసో ఫోన్ నంబరో బయటపెట్టినా, వద్దన్నాక కూడా వెంటపడినా అది ఖచ్చితంగా తప్పుడు ప్రవర్తనే.

ఆధారాలు వెంటనే దాచుకోండి

జవాబు రాయకముందే ఈ పని చేయండి, ఎందుకంటే కోపంలో మీరు కూడా నాలుగు మాటలు అనేస్తే తర్వాత ఇద్దరిదీ తప్పే అన్నట్టు అయిపోతుంది. గిట్‌హబ్‌లో కామెంట్ పైన ఉండే టైం మీద నొక్కితే ఆ కామెంట్‌కి మాత్రమే వచ్చే లింక్ దొరుకుతుంది, అది కాపీ చేసుకోండి. లింక్ ఒక్కటే చాలదు, రాసినవాడు దాన్ని డిలీట్ చేసేయొచ్చు, అందుకే యూజర్‌నేమ్, తేదీ, పైనా కిందా ఉన్న మాటలు కూడా పడేట్టు స్క్రీన్‌షాట్ తీయండి. కామెంట్ మీద ఎడిటెడ్ అని ఉంటే దాన్ని నొక్కి పాత వెర్షన్ కూడా షాట్ తీసుకోండి. మెయిల్ అయితే డిలీట్ చేయొద్దు, అట్లనే ఉంచండి. ఇంకొకటి, మనం రాసే టైం పక్కన ఇండియా టైం అని రాయాలి, మనం ప్రపంచమంతా లెక్కకి వాడే యూటీసీ టైంకి ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి అవతల చూసేవాళ్ళకి తేదీ కూడా తారుమారు అవ్వొచ్చు.

రిపోర్ట్ రాసేటప్పుడు

"అతను చాలా చెడ్డవాడు, అందర్నీ ఇట్లే ఏడిపిస్తాడు" అని రాస్తే రిపోర్టులు చూసే ప్రాజెక్టు కమిటీ వాళ్ళకి చేతికి ఏమీ దొరకదు. జరిగింది జరిగినట్టు రాయండి. ఉదాహరణకి ఇట్లా:

"మార్చి 4న మధ్యాహ్నం 3:20కి, ఇండియా టైం, నా పుల్ రిక్వెస్ట్ కింద ఫలానా యూజర్ ఈ మాట రాశాడు, లింక్, స్క్రీన్‌షాట్ జతచేశా. ఆపమని నేను ఒకసారి చెప్పాను. అదే రోజు రాత్రి చాట్‌లో మళ్ళీ రాశాడు. అక్కడ ఇంకో ఇద్దరు చూశారు. రిపోర్ట్ చేసింది నేనని అతనికి తెలియకూడదు."

అంతే, ఐదారు లైన్లు చాలు. ఇంగ్లీషు గ్రామర్ గురించి బెంగపడొద్దు, అసలు మాట తెలుగులో ఉంటే తెలుగులోనే పెట్టి కింద అర్థం రాయండి. మీకేం కావాలో కూడా చెప్పొచ్చు, కామెంట్ తీసేస్తే చాలా, లేక అతను మీ జోలికి రాకుండా ఉండాలా అని.

ఎవరికి పంపాలి

కోడ్ ఆఫ్ కండక్ట్ ఫైల్లోనే మెయిల్ ఉంటుంది. గిట్‌హబ్‌లో అందరికీ కనపడే ఇష్యూలో, అంటే ప్రాజెక్టు సమస్యలు చర్చించే చోట, మాత్రం పెట్టొద్దు. ఆ మెయిల్ చూసేవాళ్ళలో తప్పు చేసినవాడే ఉంటే కమిటీలో వేరే మనిషికి విడిగా రాసి, ఇతన్ని ఈ విషయంలో పక్కన పెట్టండి అని అడగండి. ఒక్కడే మెయింటైనర్, వాడే తప్పు చేశాడంటే ప్రాజెక్టు వెనక ఉన్న ఫౌండేషన్‌కి రాయండి, అదీ లేకపోతే కామెంట్ మూలనున్న మూడు చుక్కల్లో రిపోర్ట్ ఆప్షన్‌తో నేరుగా గిట్‌హబ్‌కే చెప్పండి. యూజర్‌ని బ్లాక్ చేయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

తప్పు చేసింది మీ కాలేజీ వాడే అయితే కాలేజీలో ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ ఉంటుంది, లైంగిక వేధింపులకి యూనివర్సిటీలని చూసే యూజీసీ 2015 రూల్స్ ప్రకారం 3 నెలల్లోపు కంప్లైంట్ ఇవ్వాలి. బెదిరింపులు, ఫోటోలు బయటపెడతాననడం దాకా వస్తే ప్రాజెక్టు కమిటీ కోసం కూర్చోవద్దు, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పెట్టి దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి పొండి, వాడు ఏ ఊర్లో ఉన్నా సరే అక్కడ జీరో ఎఫ్‌ఐఆర్, అంటే తమ పరిధి కాకపోయినా తీసుకునే కేసు, రాసుకోవాలి.

పంపాక ఏమవుతుంది

ప్రాజెక్టు కమిటీ వాళ్ళు కూడా ఉద్యోగాలు చేసుకుంటా ఖాళీ టైంలో చూసేవాళ్ళే, రెండు మూడు రోజులు ఓపిక పట్టండి, వారమైనా ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్‌కి మళ్ళీ రాయండి. కాంట్రిబ్యూటర్ కావెనెంట్ 2.0, 2.1 వెర్షన్లలో నాలుగు మెట్లు ఉంటాయి, మొదట తప్పు చెప్పి దిద్దడం, తర్వాత వార్నింగ్, తర్వాత కొన్నాళ్ళు నిషేధం, చివరికి శాశ్వత నిషేధం. ఏం చేశారో అన్నీ మీకు చెప్పకపోవచ్చు, అవతలి వాళ్ళ వివరాలు కూడా దాచాలి కాబట్టి, కానీ విషయం ముగిసిందా లేదా అన్నది మాత్రం అడిగి తెలుసుకోండి.

మీ కాలేజీలో మీరే కోడింగ్ గ్రూప్ నడుపుతా ఉంటే కోడ్ ఆఫ్ కండక్ట్ ఫైల్ కాపీ చేసి పెట్టి ఊరుకోవద్దు, ఎవరికి చెప్పాలో రెండు పేర్లు రాయండి, అందులో ఒకరు అమ్మాయి అయ్యుండాలి, మెయిల్ ఎక్కడ పెట్టాలో ఆ ఖాళీని ఖాళీగానే వదిలేసిన ప్రాజెక్టులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు ఆ మెయిల్ తెరిచి చూస్తున్నారో లేదో నెలకోసారి ఒక టెస్ట్ మెయిల్ పంపి చూసుకోండి.