ఇంటి వంటలో ఉప్పు తగ్గించాలంటే: ముందు కొలత, తర్వాతే కోత

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదు. సమంగా గీసిన ఒక టీస్పూను మెత్తటి ఉప్పే దాదాపు 6 గ్రాములు తూగుతుంది. ఆ ఐదు గ్రాముల్లోనే కూర, పప్పు, చారు, ఊరగాయ, అప్పడం, మజ్జిగ, బయట తిన్న బిర్యానీ అన్నీ సర్దుకోవాలి.

మొదటి వారం ఏమీ తగ్గించకండి, కొలవండి చాలు. సోమవారం పొద్దున ఉప్పు డబ్బాను తూచి బరువు రాసుకోండి. వారమంతా వంటకూ మజ్జిగకూ ఆ డబ్బాలోదే వాడి, మళ్లీ సోమవారం తూచండి. తగ్గిన బరువును ఏడుతో, ఆపైన తినేవాళ్ల సంఖ్యతో భాగిస్తే తలకు రోజుకెంతో తేలుతుంది. తూకం లేకపోతే ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాయండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో తలకు 5 గ్రాముల లెక్కన కిలో ఉప్పు 50 రోజులు వస్తుంది. కానీ ఊరగాయలూ బయటి తిండీ తెచ్చే ఉప్పు వేరే ఉంది కాబట్టి ఆ కిలో 80 రోజులు దాటితేనే లెక్క సరిపోయినట్టు. ఊరగాయ పెట్టే ఉప్పును ఈ లెక్కలో కలపకండి.

రెండో వారం నుంచి వారానికి పదో వంతు చొప్పున తగ్గించండి. ఒక్కసారిగా సగానికి కోస్తే కూర చప్పగా ఉందంటూ అందరి చేతులూ ఆవకాయ జాడీ మీదికే వెళ్తాయి, పొయ్యి దగ్గర మిగిల్చింది కంచంలో చేరిపోతుంది. నాలుక కొత్త రుచికి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. అంచనాతో చేతివాటంగా వేయకుండా, రోజుకు సరిపడా ఉప్పు పొద్దున్నే చిన్న గిన్నెలోకి తీసి డబ్బా మూసేయండి. నలుగురికి చివరికి రావాల్సిన కొలత రెండు టీస్పూన్లు, అంటే 12 గ్రాములు.

వండేటప్పుడు ఉప్పు ఎప్పుడు పడుతుందన్నదే అసలు సంగతి. పాలకూర, తోటకూర పచ్చిగా గిన్నె నిండా ఉంటాయి, మగ్గాక గుప్పెడవుతాయి. పచ్చి కుప్పను చూసి వేసిన ఉప్పు ఆ గుప్పెడుకు ఎక్కువైపోతుంది. దొండకాయ, బెండకాయ వేపుళ్లకూ ఇదే వర్తిస్తుంది: ముక్క మగ్గి తగ్గాక, దించే ముందు వేయండి. చారు మరిగి చిక్కబడే కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కాబట్టి పొయ్యి కట్టేశాక వేసి, కాస్త ఆరాక రుచి చూడండి. నాలుక కాలే వేడిలో రుచి తెలియక మరో చిటికెడు పడిపోతుంది. పప్పులో గోంగూరో చింతచిగురో మామిడికాయో పడితే పులుపే ఉప్పు లోటును చాలావరకు కప్పేస్తుంది. నిమ్మరసం, వెల్లుల్లి పోపు, వేయించిన జీలకర్ర పొడి కూడా అక్కరకొస్తాయి. చపాతీ పిండిలో ఉప్పు మానేయవచ్చు, పక్కన కూర ఎలాగూ ఉంటుంది.

ఊరగాయలో మాత్రం ఉప్పు తగ్గించకండి. ఆ ఉప్పే ముక్కలోని నీటిని లాగి బూజును ఆపుతుంది, తగ్గిస్తే నిల్వ ఉండదు. తగ్గించాల్సింది తినే కొలత. మామూలు ఆవకాయలో బరువులో దాదాపు పదో వంతు ఉప్పే. ఇరవై గ్రాముల పెద్ద ముద్ద వేసుకుంటే 2 గ్రాములు, చిన్న చెంచాడైతే అర గ్రాము. జాడీలో గరిటె తీసేసి టీస్పూను పెట్టండి. వారంలో నాలుగు రోజులు దోసకాయ, బీరకాయ, టమాటా రోటి పచ్చడి చేసుకుంటే ఉప్పు మన చేతిలో ఉంటుంది. ఆవకాయ, అప్పడం, ఊర మిరపకాయ మూడూ ఒకే పూట వద్దు. అప్పడం నూనెలో వేయించినా నిప్పుల మీద కాల్చినా ఉప్పు అంతే.

ప్యాకెట్ల మీద సోడియం అంకె చూడండి. మిల్లీగ్రాముల సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది: 800 మిల్లీగ్రాములంటే 2 గ్రాములు. వంట సోడాలోనూ సోడియం ఉంటుంది, ఉప్పగా అనిపించదంతే.

సైంధవ లవణం, నల్లుప్పు, కల్లుప్పు దేన్ని తీసుకున్నా ఎక్కువ భాగం సోడియం క్లోరైడే. మారితే లాభం లేకపోగా అయోడిన్ పోయే ప్రమాదం ఉంది. అయోడిన్ ఉప్పే కొని తక్కువ వాడండి. తక్కువ సోడియం ఉప్పులో కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, బీపీకో గుండెకో మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాన్ని ముట్టకూడదు. విరేచనాలప్పుడు తాగే ఓఆర్‌ఎస్‌లో ఉప్పు తగ్గించడం మరీ ప్రమాదం.

ఇంట్లో బిర్యానీ చేస్తే, బియ్యం ఉడికించే నీళ్లలో వేసిన ఉప్పు చాలావరకు వార్చిన నీళ్లతో పోతుంది. ముక్కకు పట్టించింది మాత్రం అంతా కంచంలోకే వస్తుంది, కోత అక్కడ పెట్టండి. హోటల్లో తింటే మిర్చి కా సాలన్ రెండు చెంచాలకు ఆపి, రైతాకు బదులు ఉత్త పెరుగు అడగండి. బండి మీద జామకాయ కోయించుకున్నప్పుడు ముందే చెప్పండి: ఉప్పు వద్దు, కారం చల్లి నిమ్మకాయ పిండితే చాలని.