ఆఖరి 6 మీటర్లు: హెవీ అయాన్ బీమ్ టార్గెట్‌కి తగుల్తుందో లేదో లెక్కేస్కోండి

హెవీ అయాన్ ఫ్యూజన్ (బరువైన అయాన్ల బీములతో చిన్న ఇంధనపు టార్గెట్‌ని కొట్టి ఫ్యూజన్ చేయించడం) అనగానే అందరూ యాక్సిలరేటర్ ఎంత పొడుగు, ఎంత ఖర్చు అనే గొడవే పెట్టుకుంటారు. నన్నడిగితే ముందు టార్గెట్ ఉండే చాంబర్‌లో ఆఖరి 6 మీటర్ల లెక్క చూస్కోండి, కాల్కులేటర్ ఉంటే చాలు.

2003 నాటి అమెరికా డిజైన్ తీస్కుందాం. 120 బీములు, మొత్తం 7 మెగాజూల్స్, ఒక్క చార్జ్ ఉన్న బిస్మత్ అయాన్లు, మెయిన్ బీముల్లో ఎనర్జీ 4 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్లు. రిలేటివిటీ పక్కన పెట్టి లెక్కేస్తే వేగం కాంతి వేగంలో 0.203 వంతు (కలిపితే 0.2). 7 మెగాజూల్స్‌ని 400 కోట్ల వోల్ట్లతో, తర్వాత 120తో భాగించి, పల్స్ 8 నానోసెకన్లు అనుకుంటే బీముకి 1.8 కిలోఆంపియర్లు, మనం 2 అనేస్కుందాం.

ఇప్పుడు అసలు సంగతి, పెర్వియన్స్. అన్నీ ప్లస్ చార్జే కాబట్టి అయాన్లు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా తోసుకుంటాయో చెప్పే నంబర్ ఇది. కరెంట్‌కి రెట్టింపు వేసి, 650 కోట్ల ఆంపియర్లతోనూ (ప్రోటాన్‌కి 3.1 కోట్లు, బిస్మత్ 209 రెట్లు బరువు కదా) 0.203 క్యూబ్‌తోనూ భాగిస్తే 0.000074 వస్తుంది. చూడ్డానికి ఎంత చిన్నదో!

బీమ్‌ని టార్గెట్ మీదకి కుదించే ఆఖరి లెన్స్ దగ్గర బీమ్ రేడియస్ 6 సెంటీమీటర్లు అనుకుంటే, 6 మీటర్ల దూరానికి వంపు కోణం 0.01 రేడియన్. దాని స్క్వేర్‌ని పెర్వియన్స్‌కి రెట్టింపుతో భాగించండి, 0.68. మైనస్ 0.68కి ఎక్స్‌పొనెన్షియల్ తీసి 6తో గుణిస్తే 3 సెంటీమీటర్లు. మనకి కావాల్సింది 2 మిల్లీమీటర్లు, అంటే ఇంత కష్టపడి తీరా టార్గెట్ దగ్గరకొచ్చాక బీమ్ చేతులెత్తేసినట్టే.

అందుకే దారిలో ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వాయువు) పెడతారు, అందులోని ఎలక్ట్రాన్లు బీమ్‌లోకి దూరి చార్జ్‌ని మింగేస్తాయి. 80 శాతం మింగితే పెర్వియన్స్ 5వ వంతవుతుంది, అదే లెక్క మళ్లీ చేస్తే సరిగ్గా 2 మిల్లీమీటర్లు. కానీ ఇందులో ఎమిటెన్స్ (అయాన్లు తలో దిక్కుకి చెదిరే గుణం), లెన్స్ తప్పులు కలపలేదు కాబట్టి 80తో ఆగకండి, 95 పైనే చూడండి. ప్లాస్మా డెన్సిటీ బీమ్ డెన్సిటీ కంటే ఎక్కువుండాలి, బీమ్ చాంబర్‌లోకి దూరే రంధ్రం, అంటే పోర్ట్ దగ్గర బీమ్ డెన్సిటీ క్యూబిక్ సెంటీమీటర్‌కి దాదాపు 1800 కోట్ల అయాన్లు. అమెరికాలోని బర్కిలీ ల్యాబ్‌లో 300 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల పొటాషియం బీమ్‌తో ఇదే చేసి, సెంటీమీటర్ల మచ్చని మిల్లీమీటర్లకి దించారు.

ఇంకోటి, చాంబర్‌లో ఫ్లైబ్ అనే కరిగిన ఉప్పు ఆవిరి ఉంటుంది. దాన్ని గుద్దుకుని అయాన్ ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే చార్జ్ 2 అవుతుంది, పెర్వియన్స్ మాత్రం 4 రెట్లు! ఆ 80 శాతంతోనే మళ్లీ వేస్తే మచ్చ 2.6 సెంటీమీటర్లు, కాబట్టి ఆవిరి పోర్టుల్లోకి రాకుండా చూస్కోండి.