తెల్లారేసరికి షుగర్ పెరగడం: నా అనుభవం

పడుకునేముందు 130 ఉన్న షుగర్ పొద్దున్నే 180 దాటేది. రాత్రి తిండి తగ్గించా, తిన్నాక నడిచా, పెందలాడే తిన్నా, లాభం లేకపోయింది.

దారి చూపింది తెల్లవారుజామున 3 గంటలకు చేసుకున్న పరీక్షే. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు దిండు పక్కనే పెట్టుకుని, పడుకునేముందు, అలారంతో లేచి 3కి, మళ్లీ పరగడుపున చూసి, వరసగా కొన్ని రాత్రులు రాసుకున్నా. 3కి 125 దగ్గరే ఉంది, పెరిగేదంతా ఆ తర్వాతే. ఆ వేళకు కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ల ప్రభావంతో కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. దాన్ని ఆపడానికి షుగర్ ఉన్న మనకు ఇన్సులిన్ చాలదు. 3కి 70 లోపు ఉంటే మాత్రం సంగతి వేరు, మందు ఎక్కువైందేమో అడగాలి.

ఆ కాగితం చూశాకే డాక్టర్‌గారు రాత్రి భోజనానికి ముందు వేసుకునే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌ను (వేసుకున్న కొన్ని గంటలకు ఎక్కువ బలంగా పనిచేసే రకం) పడుకునే వేళకు జరిపారు, దాని బలం తెల్లవారుజామున అందేలా. ఇప్పుడు పరగడుపున 130 లోపే చాలాసార్లు. వేరే మందు వాడేవాళ్లకు ఇదే కుదురుతుందని చెప్పలేను. వేళ సొంతంగా మాత్రం మార్చకండి.